పెద్దబాపు ఎత్తని చెయ్యి

మా చిన్నప్పుడు... మా నేతగాళ్ళ బస్తీ లింబాయత్‌లో మగ్గాలు ఆగేది వారానికి ఒక్కరోజే. ఆ రోజు గల్లీ అంతా నిశ్శబ్దం. అయినా అందరం అరుచుకుంటూనే మాట్లాడుకునేవాళ్ళం... పక్కింట్లో ఉప్పు అడగాలన్నా అరుపే!

ఆ రోజే పెద్దబాపు మాకు నాటకం నేర్పేవాడు. ఆయన మా నాన్నకు అన్న, పవర్‌లూమ్ కార్ఖానాలో నేత పని. ఏటా గణపతి పందిట్లో, మైకు లేని స్టేజీ మీద, మాతో నాటకం వేయించేవాడు.

"ఒర్రకుండ్రి! గొంతు చింపుకుంటే ఆవాజ్ రాదు. కడుపు నిండ గాలి తీసుకోండ్రి... మాట తోక మింగకుండ్రి. ఆఖరి వరసల కూసున్న ముసలవ్వ గూడ టికెట్ కొన్నది!"

"టికెట్టే లేదు గద పెద్దబాపూ!" అనేది మా అక్క.

"నోర్ముయ్... కాదు, నోరు తెరువు!"

పరీక్ష ఒక్కటే. ఆయన గల్లీ చివర నల్లా దగ్గర మాకు వీపు పెట్టి నిలబడేవాడు. మాట స్పష్టంగా చేరితే చెయ్యెత్తేవాడు. అరిస్తే ఎత్తేవాడు కాదు.

ఆ ఏడు అక్కది తల్లి వేషం... మగ్గంలో చెయ్యి పోయిన కొడుకు కోసం కార్ఖానా యజమాని సేఠ్‌ను నిలదీసే తల్లి. ఆ వేషం మీద ప్రాణాలన్నీ పెట్టుకుంది. కానీ పెద్దబాపు చెయ్యి లేవలేదు. ఎన్ని వారాలైనా లేవలేదు. చివరికి ఆయన వద్దన్న అరుపే అరిచింది... రోజూ డాబా ఎక్కి అరిచింది. నాటకం రోజు పొద్దున్నకల్లా గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

ఆ పొద్దున్నే పెద్దబాపు వెనక పెద్దమ్మ చేతిలోంచి ఇత్తడి బిందె జారి పడింది. మేమంతా ఉలిక్కిపడ్డాం. ఆయన తల తిప్పలేదు...

కార్ఖానా మోతలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. పెదవులు చూసీ, సైగలతోనూ మాట్లాడుకుంటారు. ఇంట్లోనూ ఆయనకు అదే అలవాటు. అందుకే చెవులు పోయిన సంగతి మాకే కాదు, ఆయనకూ తెలియలేదు.

"పోరగాండ్లే నసుగుతున్నరనుకున్న బిడ్డా..." అన్నాడు అక్కతో, కింద దొర్లిన బిందెను చూసి.

అక్క అలాగే స్టేజీ ఎక్కింది. వెనక నుంచి "ఆవాజ్ దో!" అంటూ ఈలలు. ముందు వరసల్లో కార్ఖానా వాళ్ళు మాత్రం కదలకుండా ఆమె పెదవులే చూశారు. ఆఖరి మాట అయ్యాక, వాళ్ళ మధ్య కూర్చున్న పెద్దబాపు చెయ్యెత్తాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అక్క గొంతు మళ్ళీ పూర్తిగా రాలేదు. తలరాత అన్నారు పెద్దలు. ఎవరు రాశారండీ ఆ రాత? మగ్గంతో పాటు మనిషి చెవులు కూడా అరుగుతుంటే, ఆ అరుగుదల సేఠ్ లెక్కలోకి ఎందుకు రాదు?

ఇప్పుడు మా పందిట్లో నాటకం లేదు, డీజే ఉంది. పెద్దబాపు ఆ స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చుంటాడు... మగ్గాలు మాత్రం అలాగే మోగుతున్నాయి.

మీకు స్టేజీ మీద గొంతు విప్పడం నేర్పిందెవరో మీరూ రాయండి... కానీ ముందు వెళ్ళి, వాళ్ళ వెనక నిలబడి ఒక్కసారి పిలిచి చూడండి.