గుర్రానికి నాలుగో కాలు

సోఫాలకు బట్టలు తొడిగే మేస్త్రికి లోకంలో ఒక్కరంటేనే కుళ్లు. పోనీ ఆ ఒక్కరు పోటీ కొట్టువాడా అంటే అదీ కాదు. తన నోటితో తానే పుట్టించిన సెలవుల తాత.

కూతురు చిట్టి బడిలో చేరిన ఏడాది, కొట్లో మిగిలిన బట్టముక్కలతో ఒక బాతు కుట్టాడు. సెలవులిచ్చిన మర్నాడు పొద్దున్నే గుమ్మం దగ్గర చెప్పుల పక్కన పెట్టాడు. ఎవరు తెచ్చారని పిల్ల అడిగితే, నోటికొచ్చింది కదా అని సెలవుల తాత అన్నాడు. అన్నవాడు అక్కడితో ఊరుకోవచ్చుగా? రోజంతా నేలమీద కూర్చుని మేకులు కొట్టే తన మోకాళ్ల నొప్పుల్ని కూడా ఆ తాతకే అంటగట్టాడు. అందుకే పాపం ఏడాదికి ఒక్కసారే రాగలడని చెప్పాడు.

ఇక చూడండి తంటా. బాతు తర్వాత ఏనుగొచ్చింది, కుందేలొచ్చింది. ప్రతిసారీ పిల్ల ఆ బొమ్మను చంకన పెట్టుకుని పరుగున వచ్చి తండ్రి పొట్టమీద ఎక్కి కూర్చునేది.

"నువ్వెప్పుడైనా ఇట్లాంటిది తెచ్చావా నాన్నా? తాతని చూసి నేర్చుకో."

భార్య నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయేది. ఎప్పటికైనా నిజం చెప్పేసి ఆ మంచిపేరంతా తన ఖాతాలో వేసుకోవాలని ఆయనకు మహా కోరికగా ఉండేది.

ఈ ఏడు సెలవుల ముందు చిట్టికి పన్ను నొప్పి వచ్చింది. పళ్ల డాక్టరు దగ్గర జనం కూర్చునే గదిలో ఉన్న ఆకుపచ్చ చారల సోఫా మేస్త్రి పనే. ఆ సంగతి ఆయనకు గుర్తుకొచ్చేలోపే పిల్ల దానిమీద చెయ్యి వేసింది. ఇంట్లో ఏనుగు చెవులూ అదే గుడ్డ. చిట్టి మెల్లగా దిండు తిరగేసి, కుట్టు చివర ముడి చూసింది. దారం కొస కనపడకుండా లోపలికి తోసే ఆ ముడి ఊరంతటికీ ఈయనొక్కడే వేస్తాడు. మేస్త్రి గబుక్కున దిండు లాక్కుని మళ్లీ సోఫాలో పెట్టేశాడు.

దారి పొడుగునా పిల్ల పెదవి విప్పలేదు. తెలిసిపోయి మాట్లాడటం లేదో, నోట్లో దూది ఉండి మాట్లాడటం లేదో ఎవరికి తెలుసు?

"తెలిస్తే తెలిసింది. మంచిపేరు రావాలని మీరేగా కొట్టుకుపోయేది," అంది భార్య, ఇంటికొచ్చి చెబితే విని.

"నాకే మంచిపేరూ వద్దు. తాత లేడని తెలిస్తే అది పొద్దున్నే పరుగెత్తుకుంటూ ఎందుకొస్తుందే?" అన్నాడు.

ఆ మర్నాటి నుంచి చిట్టి బడి కాగానే కొట్టుకు రావడం మొదలుపెట్టింది. కుట్టుపని నేర్పమంది. వంపు సూది పట్టడం నేర్పాడు, ముడి వేయడం నేర్పాడు. కొలతలు నేర్చుకుంటానని టేపు తీసి, "కాలు చాపు నాన్నా," అంటే చాపాడు కూడా. ఆయన ప్రాణమంతా ఈ ఏడు తాత పేరున కుడుతున్న గుర్రం బొమ్మ మీదుంది. మూడు కాళ్లు కుట్టిన గుర్రాన్ని పాత సోఫా కడుపులో దాచాడు, పిల్లేమో రోజూ వచ్చి ఆ సోఫామీదే కూర్చుంటోంది. ఇక నాలుగో కాలు ఎప్పుడు కుట్టాలి?

సెలవులిచ్చేశారు. గుర్రం కొట్లోనే ఉండిపోయింది. మర్నాడు మేస్త్రి అందరికంటే ముందే లేచి, పిల్లకు ఏం చెప్పాలో తోచక ఉసూరుమంటూ గుమ్మం దగ్గరికి వెళ్లాడు.

చెప్పుల పక్కన మెత్తటి గుడ్డ దిళ్లు రెండున్నాయి. స్పాంజి కూరి, కాలికి కట్టుకోవడానికి పట్టీలు కూడా కుట్టారు. ఒకటి లావు, ఒకటి బక్క. తిరగేసి చూశాడు. ముడి తనదే, కానీ దారం కొస బయటికి వేలాడుతోంది.

వెనక తలుపు చాటున చిట్టి నిలబడి ఉంది.

"అవి తాతకి. మోకాళ్ల నొప్పులన్నావుగా," అంది. "తీసుకోకుండా పోయినట్టున్నాడు. నువ్వు కట్టుకుని చూడు నాన్నా, సరిపోతాయో లేదో."

మేస్త్రి అక్కడే కూలబడి కట్టుకున్నాడు. అతికినట్టు సరిపోయాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. చిట్టి వచ్చి ఎప్పట్లాగే ఆయన ఒళ్లో ఎక్కి కూర్చుంది.

"తాతకి నచ్చాయంటావా?"

"చాలా నచ్చాయమ్మా."

"అయితే తాతతో చెప్పు," అంది చిట్టి. "ఆ గుర్రం నాలుగో కాలు నేను కుడతానని."