కొట్టివేతలు దాచని డైరీ

నిన్న పొద్దున కరీంనగర్ నుంచి మా మేనకోడలి ఫోన్.

"అత్తమ్మా, అవ్వ పోయింది."

నా ఒళ్లో పరిశుద్ధ గ్రంథం తెరిచే ఉంది. చదవబోయిన వాక్యం నోట్లోనే ఆగిపోయింది.

మా సువార్తమ్మ వదిన. మా అన్న భార్య, ఆ మేనకోడలి తల్లి. రిటైర్డ్ టీచర్.

ఏడ్చాను. సాయంత్రం సమాధి దగ్గర మాత్రం కోపం వచ్చింది. ఒకాయన నా పక్కకు వచ్చి, "మంచి టీచరే గని మొండిది. జర సర్దుకపోతే హెడ్మాస్టర్ అయ్యేది" అన్నాడు.

అక్కడ ఊరుకున్నాను. ఇక్కడ, మన సంఘం పత్రికలో, ఊరుకోను.

ఇది అరవైల్లో మాట. ఇచ్చోడ దగ్గర ఒక ఊళ్లో వదినకు పోస్టింగ్. చంటిపిల్లను చూసుకోవడానికి నేనూ వెళ్లాను. నేను బడికి పోయిన మనిషిని కాదు. వాక్యం చదవాలన్న ఆశతో అక్షరాలు నాకు నేనే కూడబలుక్కున్నాను. బడి వరండాలో పిల్లను ఆడిస్తూ లోపలి పాఠాలన్నీ వినేదాన్ని.

ఒకసారి పాఠాల డైరీ కొనాలని వదిన నన్ను ఆదిలాబాద్ తీసుకుపోయింది. ఇప్పుడు మీరు ప్లానర్ అంటున్నారే, అదే.

దుకాణం సేఠు బంగారు అంచుది తీశాడు. "గిది జూడు టీచరమ్మా. పెద్ద పెద్ద ఆఫీసర్లు గిదే వాడుతరు."

"దీంట్ల రోజుకో పేజీ ఉన్నది సేఠ్. నాకు వారం మొత్తం ఒక్కపారే కనవడాలె."

చిన్నది తీశాడు. "గిండ్ల రాస్తే నా రాత నాకే కనవడది" అంది.

సేఠుకు ఓపిక పోయింది. "డైరీ కొంటున్నవా, అల్లున్ని జూస్తున్నవా అమ్మా?"

"అల్లుడైతే గింత చూడకపోదును. రోజూ నేను చూసేది దీని మొఖమే గదా."

చివరికి పొడుగు నోటుబుక్కు కొని, తనే స్కేలు పెట్టి గీతలు కొట్టుకుంది. జనవరి నుంచి కాదు, బడి తెరిచే జూన్ నుంచి. ఎదురెదురు పేజీల్లో ఒక వారం.

మొదట్లో తప్పు చేసింది. వారం సంత, అంగడి రోజున భిన్నాల పాఠం పెట్టింది. పిల్లలంతా అంగడికి పోయారు, క్లాసులో కూర్చునే చాపలన్నీ ఖాళీ.

"చాపలకు చెప్పు వదినా, మంచిగ వింటయి" అన్నాను.

"నవ్వు పిల్లా, నవ్వు" అని డైరీ తీసింది.

అప్పటి నుంచి ముందు ఊరి పనులు రాసేది. అంగడి ఎప్పుడు, పత్తి ఏరేది ఎప్పుడు, ఇప్పపూలకు అడవికి పోయేది ఎప్పుడు. మిగిలిన జాగాలోనే పాఠాలు.

రోజూ బడికి తాళం వేసేముందు కూర్చునేది. చెప్పిన పాఠానికి టిక్కు. చెప్పనిదానికి అడ్డగీత, దాన్ని మళ్లీ ఏ వారం చెప్పాలో అక్కడ రాత. ఒకనాడు పెళ్లికి పోవాలని మా అన్న బండి కట్టుకొచ్చి గొణుగుతుంటే, "ఎద్దులకున్న ఓపికన్న లేదా నీకు?" అని రాసుకుంటూనే ఉంది.

జనం నవ్వారు. నవ్వనీ. భూమ్యాకాశాలు చేసిన దేవుడే ఒక్కపూటలో ముగించలేదు. ఏ రోజు పని ఆ రోజు చేశాడు, చేసింది చూసుకున్నాడు. మా వదిన చేసింది కూడా అదే.

అంతలో ఇన్స్పెక్టర్ వస్తున్నాడని కబురు.

అప్పటి బడుల్లో ఒక అలవాటు ఉండేది. తనిఖీకి ముందు అందరూ కూర్చుని కొత్త డైరీ రాసేవాళ్లు. అన్ని పాఠాలూ అనుకున్న తేదీకే అయిపోయినట్టు. ఫెయిర్ కాపీ అనేవాళ్లు. అబద్ధ సాక్ష్యానికి ఎంత అందమైన పేరు.

హెడ్మాస్టర్ నర్సయ్య సార్ కొత్త నోటుబుక్కు తెచ్చి వదిన ముందు పెట్టాడు. "రాయమ్మా. గీ కొట్టివేతలు చూస్తే ఆయన ఊకోడు. ట్రాన్స్‌ఫర్ చేస్తడు."

"చెప్పని పాఠం చెప్పిన అని ఎట్ల రాయాలె సార్?"

"నీ కోసం కాదు. ఏడో తరగతి ఆడివిల్లలు ఈ యేడే పరీక్షకు కూసుంటున్నరు. నడుమల నువ్వు పోతే వాళ్ల గతేంది?"

ఆ మాట తగిలింది. ఆ ఊళ్లో అప్పటిదాకా ఏ ఆడపిల్లా ఏడు దాటలేదు. పరీక్ష పోతే మళ్లీ పత్తిచేలకే.

వదిన తన డైరీ తెరిచి కొట్టివేతలు చూసుకుంది. తర్వాత నోటుబుక్కు ఆయన వైపు జరిపింది.

"వాళ్ల కోసమే రాయను సార్."

ఇన్స్పెక్టర్ వచ్చాడు. డైరీ తిప్పాడు. "ఇన్ని కొట్టివేతలేమిటమ్మా? పక్క ఊరి బడిలో ఒక్కటి కూడా లేదే."

"గా ఊళ్లె గూడ పత్తి ఏరుతరు సార్."

నర్సయ్య సార్ తల దించుకున్నాడు. ఇన్స్పెక్టర్ సంతకం పెట్టకుండా లేచాడు.

ట్రాన్స్‌ఫర్ వచ్చింది. వేములవాడ అవతల ఒక పల్లెకు. వదిన ఆ డైరీని నర్సయ్య సార్ బల్లమీద పెట్టి బండెక్కింది.

ఆమె స్థానంలో పరీక్షల దాకా ఎవరూ రాలేదు. క్లాసు నర్సయ్య సారే తీసుకున్నాడు. ఎండాకాలంలో మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి చెప్పాడు:

"పిల్లలకు ఏం జెప్పినవో, ఏం మిగిలిందో నాకు తెల్వదమ్మా. డైరీ తీసిన. నువ్వు కొట్టేసి మల్ల రాసుకున్నయే మిగిలినయి. అవే చెప్పిన. గా రోజు నా మాట ఇని ఫెయిర్ కాపీ రాసి ఉంటే, అన్ని అయిపోయినయనుకుని పిల్లల్ని ఆగం చేస్తుంటి."

"పిల్లలు?" అంది వదిన. ఆమె అడిగింది అదొక్కటే.

"అందరు పాసైండ్రు."

మొండిదంటారా? అనండి. ఆ మొండితనం మీదే ఆ పిల్లలు ఏడు దాటారు.

మన సంఘంలో టీచర్లున్నారు, ఇది చదువుతారు. రేపు మీ డైరీ తీయండి. చెప్పని పాఠాన్ని కొట్టేసి మళ్లీ ఎప్పుడు చెప్తారో రాయండి. సిగ్గుపడకండి. ఎవరికీ భయపడకండి.

వదినా, పోయిరా. ఎవరి ముందూ తల దించకుండా బతికావు, అట్లాగే వెళ్లు.

ప్రభువు ఒడిలో నీకు చల్లని విశ్రాంతి దొరకాలి.