గోల్ కొట్టని మా శేఖరం

ఈ సాయంత్రం రాయపూర్ రైల్వే మైదానంలో మా కాలనీ హాకీ జట్టు ఎంపిక కోసం ఆట పెట్టారు. ఫార్వర్డ్ శేఖరం ఒక్క గోలూ వేయలేదని కోచ్ తివారీగారు పేరు కొట్టేయబోయారు. పురాణం చెప్పడానికి వెళ్తున్న నాకు ఒళ్ళు మండి, చంకలో పుస్తకంతోనే అడ్డం వెళ్ళాను.

"పక్క ఫార్వర్డ్‌లిద్దరూ కలిసి మూడు గోల్స్ వేశారే, బంతి అందించింది ఎవరు తివారీజీ?"

"అరే మహారాజ్, వాడే. వాళ్ళు ఎక్కడున్నారో చూడకుండానే ఇస్తాడు."

"మరి వాణ్ణి తీసేస్తే వాళ్ళకెవరిస్తారు?"

ఆయన నవ్వి పేరు ఉంచారు. శేఖరం మాత్రం ఆ ఇద్దరికీ మంచినీళ్ళు అందిస్తున్నాడు.

అహంకారం వదలమని ఇన్నేళ్ళుగా పురాణంలో మైకు పట్టుకుని గర్జిస్తున్నాను. శనివారం భజనలో నా పక్కన కూర్చునేవాళ్ళు నిజం చెప్పండి, మీకు మైకు ఎన్నిసార్లు ఇచ్చాను?