జ్వరం ఉందా అని అడిగితే లేదన్నాను

కడుపులో బిడ్డ కదలడం లేదని నాకు తెలిసిన రోజు, చలి రావలసిన రోజు కాదు. అందుకే పొద్దున్నే లేచి ఇల్లు తుడుచుకుని, బియ్యం ఏరుతూ కూర్చున్నాను. ఎప్పుడూ ఆ వేళకు కుడి పక్కన కాలితో తన్నేవాడు. ఆ రోజు తన్నలేదు. చల్లటి నీళ్ళు తాగి పక్కకు తిరిగి పడుకున్నాను. అయినా కదల్లేదు. అప్పటికి ఏడో నెల.

చలి రావలసిన రోజంటే ఏమిటో చెప్పాలి. మేముండేది బస్తరు సంస్థానంలో, శబరి ఒడ్డున కొంటాలో. మా ఊళ్ళో చలిజ్వరాన్ని జబ్బు కింద లెక్కపెట్టరు. అది ఒక్కొక్కరికి ఒక్కో వంతు ప్రకారం వస్తుంది. మా ఇంట్లో పనిచేసే ముత్తమ్మ ముందు రోజే చెప్పేస్తుంది: "రేపు రానమ్మా, రేపు నా చలి దినం. ఎల్లుండి రెండు దినాల పని ఒక్కసారే జేస్త." పెళ్ళయి వచ్చిన కొత్తలో ఈ మాట విని నవ్వుకున్నాను. రెండో ఏడు నాకూ వంతు వచ్చింది. రోజు విడిచి రోజు, మధ్యాహ్నం మూడింటికి. ఆ తర్వాత నేనూ అందరిలాగే వంతు చూసుకుని పచ్చళ్ళు పెట్టుకోవడం, బట్టలు ఉతుక్కోవడం నేర్చుకున్నాను.

మా ఆయన జంగలాత్ ఆఫీసులో, అంటే అడవుల శాఖలో, గుమాస్తా. చలిజ్వరం రాకుండా సర్కారు తన ఉద్యోగులకు క్వినైన్ ఇస్తుంది. ఆయన రోజూ భోజనం కాగానే మింగేవారు. కడుపు వచ్చాక నేను దాన్ని ముట్టలేదు. క్వినైన్ తింటే కడుపు పోతుందని మా అమ్మ ఉత్తరం రాసింది. బిడ్డ కోసం వణుకు ఓర్చుకున్నాను.

రెండు రోజుల తర్వాత మగపిల్లవాడు పుట్టాడు, చనిపోయి.

మా ఆయన నన్నూ, మూడేళ్ళ మా కమలనూ పడవలోనూ, ఆపైన లాంచీలోనూ గోదావరి దిగువన వాళ్ళ ఊరికి తీసుకువెళ్ళి, అక్కడి ఆసుపత్రిలో చూపించారు. చనిపోయి పుట్టిన బిడ్డ తల్లికి అక్కడ రక్తం పరీక్ష చేస్తారట. కాగితం పట్టుకున్న నర్సు వరుసగా అడిగింది.

"జ్వరం ఉందామ్మా?"

"లేదండీ."

"ఈ మధ్య ఏమన్నా జబ్బు చేసిందా?"

"లేదండీ."

నేను అబద్ధం చెప్పలేదు. ఆ రోజు నా వంతు కాదు. మర్నాడు మా అత్తగారింట్లో మూడింటికి వణుకు వస్తే, రగ్గు కప్పుకుని, "మా కొంటా జ్వరమే, పొద్దుగూకేసరికి పోతుంది" అని నేనే అందరికీ సర్దిచెప్పాను.

వారానికి రిపోర్టు వచ్చింది. మూడు ప్లస్‌లు వేసి ఉన్నాయి. డాక్టరు చిన్నవాడే, మర్యాదగానే మాట్లాడాడు. "వాసర్‌మన్ టెస్ట్ స్ట్రాంగ్లీ పాజిటివ్. ఇది సిఫిలిస్. బిడ్డ పోవడానికి ఇదే కారణం. మీ ఆయన రక్తం కూడా చూడాలి."

ఆ జబ్బు ఎలా వస్తుందో నాకు తెలుసు. ఆ వారం దేవుణ్ణి ఏం కోరుకున్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. ఆయనకు కూడా పాజిటివ్ రావాలని కోరుకున్నాను.

ఆయనది నెగటివ్ వచ్చింది.

"కాలేజీ చదువంటే నాకు అప్పుడే భయం వేసింది" అన్నారు మా అత్తగారు, వంటింట్లో నాకు వినపడేలా. "హాస్టల్లో ఏం వెలగబెట్టిందో ఎవడు చూడొచ్చాడు? చూడండి, నా కొడుకు రక్తం కడిగిన ముత్యంలా ఉంది."

మా ఆయన ఆ మాటలు అనలేదు. ఒక్కసారి మాత్రం నా మంచం పక్కన కూర్చుని అడిగారు. "నాతో చెప్పు. ఎవరైనా సరే. నేనేమీ అనను."

"చెప్పడానికి ఏమీ లేదండీ."

"మరి రక్తం ఎందుకలా చెప్పింది?"

ఇంటర్మీడియట్‌లో సైన్సు చదివినదాన్ని. రక్తాన్ని నమ్మాలో, నన్ను నేను నమ్మాలో తెలియక, హాస్టల్ రోజులన్నీ ఒక్కొక్కటిగా గుర్తు చేసుకున్నాను. ఎవరి సబ్బు వాడానా, ఎవరి తువ్వాలు వాడానా అని కూడా ఆలోచించాను.

కమలను నా పక్కలోంచి తీసేశారు. నా కంచం, నా గ్లాసు విడిగా పెట్టారు. ఆ జబ్బుకు వారం వారం చేతి నరానికి ఆర్సెనిక్, తుంటికి బిస్మత్ ఇంజెక్షన్లు. ఎనిమిదో వారం కళ్ళు పచ్చబడ్డాయి, మంచినీళ్ళు కూడా వాంతి అయ్యాయి. "డ్రగ్ రియాక్షన్. కొన్నాళ్ళు ఆపుదాం" అన్నాడు డాక్టరు. మా ఆయన సెలవు అయిపోయింది. నన్ను కొంటా తీసుకువచ్చారు. కమలను పంపలేదు.

కొంటాలో సర్కారు దవాఖానాకు కొత్తగా ఒక పెద్దాయన డాక్టరుగా వచ్చారు. హిందీలోనే మాట్లాడతారు. పచ్చబడ్డ కళ్ళు చూపిద్దామని వెళ్తే కడుపు ఎడమ పక్క నొక్కి చూసి, "బాయీ, ఈ తిల్లీ ఎన్నాళ్ళ నుంచి ఇంత ఉంది?" అన్నారు. తిల్లీ అంటే ప్లీహం, మేం కడుపులో బల్ల అంటాం దాన్ని. జ్వరాలకు పెరుగుతుంది. వేలు గుచ్చి రక్తం తీసి మైక్రోస్కోపు కింద పెట్టుకున్నారు. చాలాసేపు చూసి, మలేరియా క్రిములు నిండా ఉన్నాయన్నారు. నేను నా కథంతా చెప్పాను.

"ఆ టెస్టుకు రక్తం ఇచ్చేటప్పుడు నీకు చలిజ్వరమని చెప్పావా?"

"జ్వరం ఉందా అని అడిగారు. ఆ రోజు నా వంతు కాదు."

ఆయన కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. "మలేరియా ఒంట్లో ఉంటే ఆ టెస్ట్ అప్పుడప్పుడు ఊరికే పాజిటివ్ చూపిస్తుంది. ఈ అడవుల్లో నేను చూశాను."

"మరి మా ఆయనకు?"

"ఆయన క్వినైన్ మింగుతున్నాడు కదా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా కాలేజీ ప్రయోగశాలలో తక్కెడ ముట్టుకునే ముందు, ఖాళీగా ఉన్నప్పుడు దాని ముల్లు ఎక్కడ నిలిచిందో చూసి రాసుకోమనేవారు. దాన్ని జీరో ఎర్రర్ అనేవారు. అది రాయకపోతే మార్కులు కోసేసేవారు. నా ఒంటి ముల్లు ముందే పక్కకు ఒరిగి ఉందని ఆ ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు. అక్కడ చెప్పవలసినదాన్ని నేనొక్కదాన్నే. నేను చెప్పలేదు.

లేవబోతూ అడిగాను. "మరి బాబు?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "అదీ ఈ జ్వరమే చేసి ఉంటుంది, బాయీ."

వాడి కోసమే క్వినైన్ మానేశాను.

ఆరు వారాలు క్వినైన్ మింగాను. చెవుల్లో హోరు, కళ్ళు తిరగడం. వంతు ఆగిపోయింది. మళ్ళీ రక్తం పంపించాం. నెగటివ్ వచ్చింది. ఆ కాగితం పట్టుకుని జంగలాత్ ఆఫీసు దాకా చెప్పులు లేకుండా వెళ్ళాను. మా ఆయన బయటికి వచ్చి చదివారు. మడిచి నా చేతికిచ్చారు.

"ఇంజెక్షన్లు పనిచేశాయన్నమాట. మంచిదే" అన్నారు.

డాక్టరు దగ్గరికి తిరిగి వెళ్ళి, మా ఆయనకు ఒక్క మాట చెప్పమని బతిమాలాను. ఆ పెద్దాయన తల అడ్డంగా ఊపారు. "నాకు అనుమానం లేదు. కానీ రుజువేదంటే చూపించలేను. ముందు క్వినైన్ ఇచ్చి రక్తం చూసి ఉంటే తేలిపోయేది. ఇప్పుడు నీ ఒంట్లో రెండు మందులూ పడ్డాయి. ఏది తగ్గించిందో ఇక ఏ టెస్టుతోనూ తేలదు."

అది జరిగి రెండేళ్ళయింది. మా ఆయన మంచిగానే ఉంటారు. నా ఆరోగ్యం అడుగుతారు. పక్క మాత్రం వసారాలో వేసుకుంటారు. మా అత్తగారు ఈ ఎండాకాలం కమలను తెచ్చి దింపి వెళ్ళారు. నెల తిరక్కుండానే దానికి చలి మొదలైంది. ముత్తమ్మ దాని నుదురు తడిమి, "ఏందమ్మా అట్ల ఏడుస్తున్నవ్? పిల్ల మళ్ళ మన ఊరిదైంది, అంతే గదా" అని నన్ను నవ్వించబోయింది. మొన్న వణుకుతూ దాహమంటే, నా చేతిలో ఉన్న గ్లాసు అందించబోయాను.

"అది నీదా, నాదా అమ్మా? నీది ముట్టుకోకూడదని నాన్నమ్మ చెప్పింది."

ముట్టుకోవచ్చు తల్లీ అని చెప్పాలి. నాకు ఆ జబ్బు ఎన్నడూ లేదని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. లేచి వెళ్ళి, దాని గ్లాసులోనే నీళ్ళు తెచ్చాను.

ఇప్పుడది నిద్రపోతోంది. రేపు మళ్ళీ దాని వంతు. క్వినైన్ తేనెలో రంగరించి పెట్టాను, దవాఖానా చీటీ మీద వంతు రోజులన్నీ రాశాను.

చదివే అక్కచెల్లెళ్ళకు ఒక్కటే చెప్పగలను. రక్తం ఇచ్చే ముందు మీ ఒంట్లో ఉన్నదంతా చెప్పండి. ఊరంతటికీ ఉందని మీరు లెక్కపెట్టని జ్వరాన్ని కూడా చెప్పండి, ఆ రోజు అది రాకపోయినా సరే. నర్సు అడగకపోయినా ఆ కాగితం మీద రాయించండి. రాసేదాకా చెయ్యి చాపకండి.