కరుణమ్మక్క కోసం తిప్పిన ఖాళీ మిక్సీ

పొద్దున కోడలు పచ్చడికి మిక్సీ వేసింది. ఆ మోతలోనే "అత్తయ్యా, ఉప్పెంత?" అని వంటింట్లోంచి తల బయటపెట్టి అరిచింది. నేను గొంతు పెగల్చకుండా పెదాలతోనే "చిన్న చెంచాడు" అన్నాను. చివరి అక్షరం దాకా సాగదీసి అన్నాను. కోడలికి అర్థమైపోయింది. మోత వినపడితే నా నోరు అలా కదలడం కరుణమ్మక్క చేసిన అలవాటు.

నేను చదివింది మూడో తరగతి. పద్దెనిమిదేళ్లప్పుడు ఉయ్యూరు దగ్గర ఒక రైసుమిల్లులో పనికి చేరాను. అక్కడ ఆడకూలీలందరికీ కరుణమ్మక్కే మేస్త్రి. మిల్లు తిరుగుతుంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అందుకని లోపల అందరూ పెదాలతోనే మాట్లాడుకునేవాళ్లు. చేరిన రోజు నేను "బస్తా నిండింది" అని కేకలు పెడుతుంటే ఆవిడ చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్లింది.

"గొంతెందుకే చించుకుంటావ్? ఆ ఊపిరి దాచుకో, సాయంత్రం దాకా పనుంది. మాటని నోట్లోనే తుంచెయ్యకు. చివరిదాకా అను. చూసేదానికి కనపడాలి."

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆవిడ నా తలగుడ్డ సరిచేసి, "చెయ్యి మాత్రం చురుకేలే నీది" అంది. ముందు తప్పు ఎంచడం, ఆ తర్వాతే మంచి మాట. ఎవరితోనైనా ఆవిడది అదే వరస. ఊపిరైనా, నూకలైనా దుబారా చెయ్యకూడదని నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. నన్ను పిసినారి అనేవాళ్లు అనుకోనీ.

చాలా ఏళ్ల తర్వాత బెజవాడలో, గవర్నర్‌పేట వెనక వీధిలో మావి పక్కపక్క వాటాలయ్యాయి. అప్పుడే ఆవిడ గొంతులో పుండు బయటపడింది. ఆపరేషను చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. ఆవిడ భర్త యోహాను బావగారికి అప్పటికే షుగరుతో చూపు పోయింది. ఇప్పుడు ఆవిడ పెదాలు కదిపితే ఆయనకి కనపడదు. ఆయన అడిగింది ఆవిడకి వినపడుతుంది గాని, ఆవిడ జవాబు ఆయనకి చేరదు. మధ్యలో నేను.

"లక్ష్మీ, మీ అక్కకి నా మీద కోపమామ్మా? ఆపరేషను కాగితం మీద వేలిముద్ర వేసింది నేనేగా" అని ఆయన రోజూ అడిగేవాడు.

అక్క పెదాలతో "లేదని చెప్పవే" అనేది.

"లేదంట బావగారూ."

"నువ్వు సర్దిచెబుతున్నావులే."

నమ్మేవాడు కాదు. కంచంలో అన్నం సగం వదిలేసి లేచిపోయేవాడు. ఇంకేమైనా చెప్పమంటావా అని నేను అడిగితే అక్క మొహం తిప్పుకునేది. "మా ఇద్దరి మాట నీ నోటితో ఎందుకే" అనేది.

అలాంటప్పుడు ఆసుపత్రి డాక్టరుగారు ఒక ఇంజనీరింగు కాలేజీ లెక్చరరుని మా ఇంటికి పంపారు. మాధవిగారని, చిన్న పెట్టె ఒకటి తెచ్చారు. అక్క గడ్డం కింద, బుగ్గల మీద బిళ్లలు అతికించారు.

"గొంతు లేకపోయినా నోటి కండరాలు మాట కోసం కదులుతాయమ్మా. ఆ కదలికని ఈ పెట్టె పట్టుకుంటుంది, ఫోను పైకి పలుకుతుంది" అన్నారు.

నాకు కూర్చోబుద్ధి కాలేదు. ఇలాంటిది భూమ్మీద ఉందా అని ఆ పెట్టె చుట్టూ తిరిగాను. కానీ అది ముందు ఆవిడ నోటి తీరు నేర్చుకోవాలట. ఊపిరి కోసం డాక్టర్లు మెడకి పెట్టిన కన్నం కనపడకుండా అక్క కొంగు అడ్డం పెట్టుకుని, పెదాలు కదిపీ కదపనట్టు అనేది. ఫోను ఏదో గొణిగేది. నాలుగు సార్లు వచ్చారు మాధవిగారు, నాలుగు సార్లూ అంతే. అక్క విసిగిపోయి బిళ్లలు పీకబోయింది.

నేను వంటింట్లోంచి మిక్సీ తెచ్చి ఆవిడ పక్కన పెట్టి స్విచ్చి వేశాను. ఇంట్లో ఒక్క లైటు ఊరికే వెలిగినా ఊరుకోని దాన్ని, ఖాళీ జారు గిర్రున తిప్పాను.

"అయ్యో, ఈ సౌండెందుకండీ?" అని మాధవిగారు చెవులు మూసుకున్నారు.

"మీ పెట్టెకి చెవుల్లేవుగా మేడమ్! మా అక్కకి మోత కావాలి."

అక్క నా వంక చూసింది. నడుము నిటారయింది. కొంగు జారినా పట్టించుకోలేదు. మిల్లులో మేస్త్రి నోరు తెరుచుకుంది.

నేను మిక్సీ ఆపగానే మాధవిగారు మీట నొక్కారు. ఫోను గట్టిగా పలికింది: "మంచినీళ్లు కావాలి."

మాధవిగారు కుర్చీలోంచి ఎగిరి లేచారు. "మళ్లీ అనండమ్మా! మిక్సీ వెయ్యండి, మిక్సీ!"

ఆ రోజు నుంచి పాఠమంతా మళ్లీ మొదలుపెట్టారు. మోటారు వేడెక్కితే ఆపడం, చల్లారితే వెయ్యడం. కొన్ని వారాలకి మోత లేకుండానే అక్క నోరు మిల్లు దారిలో పడింది. పెట్టె ఆవిడ మాటల్ని ఒక్కొక్కటే అందుకుంది.

అప్పుడు బావగారిని తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టాం. ఫోనుది బస్టాండులో బస్సుల పేర్లు చదివే అమ్మాయి గొంతు.

"ఏమయ్యా" అంది.

"ఎవరమ్మా ఈ పిల్ల?" అన్నాడు బావగారు.

నన్ను నమ్మని మనిషి దీన్ని మాత్రం నమ్ముతాడా? అక్క పెదాలు బిగించి, మళ్లీ కదిపింది.

"చొక్కా గుండీలు వంకరగా పెట్టుకున్నావ్."

ఆయన తడుముకున్నాడు. నిజమే, ఒకటి పైకి, ఒకటి కిందికి.

"వేలిముద్ర వేశావు కాబట్టే బతికున్నాను. నాకు కోపమెందుకయ్యా?"

ఆయన నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియలేదు. "కరుణే! ఇది కరుణే! తప్పు పట్టందే దీనికి మంచి మాట రాదు. గొంతు ఎవరిదైతే ఏం!" అని ఆవిడ చేతులు వెతుక్కున్నాడు. కాసేపయ్యాక, "లక్ష్మీ, నువ్విక ఇంటికెళ్లమ్మా. మేం మాట్లాడుకోవాలి" అన్నాడు.

వచ్చేశాను. భోజనాల వేళ దాకా గోడ అవతల ఆ బస్టాండు పిల్ల గొంతు బావగారిని తిడుతూనే ఉంది. ఆయన అన్నం మొత్తం తిన్నాడట.

అక్క ఆ తర్వాత రెండేళ్లు బతికింది. రెండేళ్లూ ఆయనతో పోట్లాడింది.

ఇప్పుడు నేను శనివారాలు పాత మిక్సీని గోతాంలో పెట్టుకుని, సిటీ బస్సెక్కి ఆసుపత్రికి వెళతాను. గొంతు తీసేసినవాళ్లకి మాధవిగారు బిళ్లలు అతికిస్తారు, నేను నోరు కదపడం నేర్పుతాను. మోటారు అరిగిపోతుందని కోడలు అంటుంది. అరగనీ. పోయిన వారం ఇబ్రహీంపట్నం నుంచి ఒక ఆటో డ్రైవరు వచ్చాడు, తువ్వాలుతో మొహం దాచుకుని.

"మాటని తుంచేస్తున్నావు నాయనా, చివరిదాకా అను" అన్నాను. అతను తల దించుకున్నాడు. తువ్వాలు తీసి భుజాన సర్ది, "కదలిక మాత్రం చురుకేలే నీది" అన్నాను.

తర్వాత మిక్సీ స్విచ్చి వేశాను, ఖాళీగానే.