అంటించని కవరు

అంబత్తూరులో లోకల్ ట్రెయిను ఎక్కినప్పుడు నా చేతిలో మూడు పేజీలూ, వాటిని పెట్టాల్సిన కవరూ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ డెవలపర్ల సమావేశంలో నన్నూ మాట్లాడనివ్వమని రాసుకున్న దరఖాస్తు అది. గడువు ఆ సాయంత్రంతో ఆఖరు. విదేశీ పత్రికల్లోంచి ఏరిన పెద్ద పెద్ద మాటలన్నీ అందులో పేర్చాను.

పక్కన కూర్చున్న నడివయసాయన చేతిలోని కవరు మీద కూడా నా కవరు మీదున్న సమావేశం ఆఫీసు చిరునామాయే ఉంది. నా ఒళ్ళోని తెలుగు వారపత్రిక చూసి తెలుగులోనే పలకరించాడు. కాగితాలు మార్చుకుని చదువుకున్నాం.

ఆయనది ఒక్క పేజీ, చేతిరాత. "పురసవాక్కం బట్టల కొట్టుకు నేను రాసిన ప్రోగ్రామును అక్కడ ఎవరూ ఎందుకు వాడలేదు" అని పైన శీర్షిక. ఆ శీర్షిక కింద, కొట్టులో చీరలు చూపించే ఆడవాళ్ళు చెప్పిన కారణాలు, వాళ్ళ మాటల్లోనే.

నాకు అసూయ పుట్టింది. ఎవరూ వాడని ప్రోగ్రాములు నావీ రెండున్నాయి. వాటిని ఎవరికీ తెలియకుండా దాచుకున్నాను.

ఆయన నా మూడు పేజీలూ నిదానంగా చదివి, "బాగుండాది సార్. ఇందులో మీరు చేసింది యాడుండాది?" అన్నాడు. వెక్కిరింత కాదు, నిజంగానే వెతుకుతున్నాడు.

వ్యాసర్పాడి రాగానే లేచాడు. "నాకు ఈడ పనుండాది. మీరు ఎట్టాగూ ఆడికే పోతా ఉండారు గదా, ఇదీ ఇచ్చేయండి సార్," అని కవరు నా చేతిలో పెట్టి దిగిపోయాడు. దాన్ని అంటించనైనా లేదు.

సమావేశం ఆఫీసులో గుమాస్తా రెండు కవర్లూ తీసుకుని, "రెండూ మీవేనా?" అని తమిళంలో అడిగాడు.

ఆ తర్వాత ఎన్నో ఇంటర్వ్యూలకు వెళ్ళాను. ఆ రోజు "కాదు" అనడానికి పట్టినంత సేపు నాకు మరే ప్రశ్నకూ పట్టలేదు.