వెబ్‌సైటుకి మా అత్తగారి బోణీ

వెబ్‌సైటు పెట్టి కమీషన్ సంపాదిద్దామనుకుంటున్నాం, నాలుగు మాటలు చెప్పండి అని ఎవరొచ్చి అడిగినా నేను ముందు వాళ్ల ఇంట్లోవాళ్ల సంగతి అడుగుతాను. నవ్వుతారు. నవ్వుకోండి, నాకేం. నా కొంప ముంచింది పోటీవాళ్లు కాదు.

రెండువేల ఏడు ప్రాంతంలో, మార్టూరులో మా ఇంట్లో కూర్చుని ఇంగ్లీషులో పచ్చళ్ల వెబ్‌సైటు నడిపాను. పండుమిరప పచ్చడి గురించి రాసి, కింద ఒక వంటసామాన్ల కంపెనీ లింకు పెట్టేదాన్ని. చదివినవాళ్లు అది నొక్కి కంపెనీలో పేరు నమోదు చేసుకుంటే నాకు కమీషన్. ఏడాదిపాటు ఈగలు తోలుకున్నాను. మిర్చి కోతలు అయ్యేలోపు ఆ కంప్యూటరు డబ్బాలోంచి పైసా రాలకపోతే ఫోన్ కనెక్షన్ పీకించి నన్ను బళ్లో టీచరుగా పంపిస్తానని మా అత్తగారు తేల్చి చెప్పారు. ఆవిడ అన్నారంటే అన్నారే.

కోతలు మొదలవుతుండగా విదేశాల్లో మనవాళ్లెవరో నా పచ్చళ్లు కనిపెట్టారు. కమీషన్ కదిలింది. వచ్చే నెలలో మొదటి చెక్కు పంపుతామని కంపెనీ రాసింది. ఆ ముక్క అత్తగారి చెవిన వేశాను. విని వంటింట్లోకి వెళ్లిపోయారు.

వారం తిరక్కుండా ఒక పొద్దున మెయిలు తెరిస్తే కంపెనీ నుంచి ఉత్తరం. ఒకే చోటి నుంచి దొంగ నమోదులు వచ్చాయట, నా ఖాతా మూసేశారట, చెక్కు ఇవ్వరట. నేను దొంగనా? చదివిందే చదివాను. ఎవడో కక్షగట్టి చేశాడని, వంటింట్లోకి వినబడేలా నోటికొచ్చినట్టు తిట్టాను.

అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. ముఖం వెలిగిపోతోంది. కోతకొచ్చే ఆడవాళ్లనీ వీధిలోవాళ్లనీ వెంటబెట్టుకుని బస్టాండు దగ్గర నెట్ సెంటరుకి వెళ్లి, నా పేజీ తెరిపించి, కింద లింకు నొక్కించి అందరి పేర్లూ రాయించారట.

"మా కోడలు కొట్టు పెట్టింది, బోణీ చెయ్యండే అన్నానమ్మాయ్. ఒక్కతీ కాదన్లేదు. ఎంతమంది వచ్చారో నీకు తెలిసిందా?"

మా వైపు ఎవరు కొత్తగా కొట్టు తెరిచినా, అవసరం ఉన్నా లేకపోయినా వెళ్లి ఏదో ఒకటి కొనుక్కొస్తాం. వెళ్లకపోతే ముఖం చూపించలేం. అయినవాళ్లచేత పేర్లు నమోదు చేయించకూడదని కంపెనీ నిబంధనల్లో ఉంది. ఆ సంగతి ఇంట్లో చెప్పాల్సి వస్తుందని కల్లో కూడా అనుకోలేదు. డబ్బా అని ఈసడించిన మనిషి దాన్ని మా కోడలి కొట్టు అంటారని ఎవరనుకుంటారు?

జరిగింది చెప్పాను. అరిచే చెప్పాను. ఆవిడ గడప మీద కూలబడ్డారు. కాసేపటికి లేచి, వైరు లాక్కుంటూ ఫోను తెచ్చి నా ముందు పెట్టారు.

"ఆ కంపెనీ ఆయనకి కలుపు. తప్పు నాదని నేను చెప్తాను. పెద్దదాన్ని, వింటాడు."

ఆ కంపెనీకి ఫోన్ నంబరు లేదు. తిరిగి రాసినా ఎవరూ చదవరని ఆ మెయిల్లోనే ఉంది. ఆవిడ రిసీవరు చెవికి పెట్టుకుని, నేను నంబరు నొక్కుతానని చూస్తూ నిలబడ్డారు.